ఆళ్లగడ్డకు మూడు తోలు కోట్లు

ఏలూరులో ముప్ఫై ఏళ్లుగా బండి నడిపేవాళ్లకు తోలు కోట్లు కుడుతున్నాను. చేత్తో ముట్టుకుని అది ఏ తోలో, ఏ కాలానికి పనికొస్తుందో చెప్పేస్తానని ఊళ్లో నాకు పేరు. ఆ పేరు విని నేనే ఎక్కువ మురిసిపోయేవాణ్ణి. నల్లమల అవతల ఎండ ఎలా ఉంటుందో మాత్రం మొన్నటిదాకా నాకు తెలియదు. తెలియకుండానే అక్కడి మనిషికి కోటు కుట్టి ఇచ్చాను.

ఆ మనిషి పేరు ప్రసన్న. ఆళ్లగడ్డవాడు. మందులు అమ్మే ఉద్యోగం మీద ఏలూరులో మూడేళ్లున్నాడు. సాయంత్రమైతే మా కొట్టుకొచ్చి, బల్ల మీద కూర్చుని, నా కుట్టు చూస్తూ కబుర్లు చెప్పేవాడు. సొంత ఊరికి బదిలీ అయి వెళ్లేటప్పుడు ఒక కోటు కావాలన్నాడు. "మా ఊర్లో ఎండ జాస్తి అన్నా" అని అప్పుడే అన్నాడు. విన్నాను. విని కూడా గేదె తోలుతో, లోపల ఉన్ని గుడ్డ వేసి, దిట్టంగా కుట్టి ఇచ్చాను. ఆ రోజు నా దగ్గరున్న మంచి సరుకు అదే.

మొన్న ఏప్రిల్లో ఫోన్ చేశాడు. "అన్నా, ఈ కోటు యేసుకుంటే ఒళ్లు ఉడికిపోతాండాది. గాలి ఆడేట్టు ఏమన్నా చేసిస్తావా? పార్సిల్లో పంపిస్తా" అన్నాడు. పెళ్లిళ్ల రోజులు, చెప్పులూ బెల్టుల బేరాలు. కొట్లో ఊపిరాడని పని. "ఎండాకాలం దాన్ని మేకుకి తగిలించవయ్యా, చలికాలం వేసుకుందువుగాని" అని పెట్టేశాను.

మే నెలలో, మిట్టమధ్యాహ్నం, దొర్నిపాడు నుంచి ఇంటికి వస్తుంటే కంకర మీద బండి జారింది. హెల్మెట్ ఉంది, తలకేమీ కాలేదు. ఒంటి మీద పల్చటి చొక్కా ఒక్కటే. వీపూ భుజాలూ రోడ్డుకి ఒరుసుకుపోయాయి. పుళ్లు చీము పట్టి, పదకొండో రోజున పోయాడు. కోటు ఇంట్లో మేకుకి ఉంది.

నా ఫోన్ సంగతి అతని భార్య సునీతకు తెలియదు. అక్టోబరులో ఆమే నాకు ఫోన్ చేసింది. "అన్నా, నేను దొర్నిపాడు కాడ బళ్లో టీచర్‌ని. ఆయన బండి ఇప్పుడు నేనే నడుపుతాండా. ఎండకు, వానకు, చలికి అన్నిటికీ పనికొచ్చే కోటు ఏదో నువ్వే చూసి తేవల్ల. మాకు తెలిసినోళ్లలో కోట్ల సంగతి తెలిసింది నీకొక్కనికే. శుక్రవారం ఆయన జ్ఞాపకార్థ కూడిక కూడా ఉండాది, రా" అంది.

మూడు రకాల కోట్లు బండికి కట్టుకుని బయలుదేరాను. కోటును మేకుకి తగిలించమన్న నా మాట ఆమెకు చెప్పాలా, మింగేసి తిరిగి రావాలా అన్నది దారి పొడుగునా తేలలేదు.

గిద్దలూరు

మొదటి రోజు ఒంటి మీద గొర్రె తోలు కోటు. మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. కుర్రకారు దాన్నే అడుగుతారు. వినుకొండ దాటాక వాన పట్టుకుంది. తోలు నీళ్లు తాగుతుంది, అందులో గొర్రె తోలు మరీను. గిద్దలూరు చేరేసరికి కోటు బరువు రెండింతలైంది, లోపల చొక్కా పిండితే నీళ్లు కారాయి.

బస్టాండు దగ్గర లాడ్జి. నేను స్నానానికి వెళ్లి వచ్చేలోపు లాడ్జి ఆయన పాపమని నా కోటు తీసుకెళ్లి వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెట్టాడు. నేను చూసేసరికి కోటు చేతులు రెండూ బిర్రబిగుసుకుని అప్పడంలా అయ్యాయి. వానలో తడిసిన తోలును నీడలో, గాలికి, ఓపిగ్గా ఆరనివ్వాలి. ముప్ఫై ఏళ్లుగా అందరికీ చెప్పే ముక్క ఇది, ఆయనకు చెప్పడం మరిచాను.

"మంచికే చేస్తి గదప్పా" అని ఆయన నొచ్చుకున్నాడు. కొబ్బరినూనె అడిగి తెచ్చుకుని రుద్దుకుంటూ కూర్చున్నాను. భోజనం ఎనభై రూపాయలు, పప్పులో కారం మా వైపు నాలుగు రోజులకు సరిపోయేంత. గొర్రె తోలు ఆమెకు పనికిరాదని అక్కడే తీర్మానించాను.

నల్లమల దిగితే నంద్యాల

రెండో రోజు తెల్లారకముందే ఘాట్ ఎక్కాను. అడవంతా మంచు. గేదె తోలు కోటు తీసి తొడుక్కున్నాను, ప్రసన్నకు ఇచ్చినదాని జోడీ అది. మలుపుల్లో చలి కొరుకుతుంటే ఒంటికి మాత్రం వెచ్చగా, హాయిగా ఉంది. నా కుట్టు మీద నాకే గర్వం వచ్చింది.

ఘాట్ దిగి మైదానంలో పడ్డాక ఆ గర్వం అరగంట కూడా నిలవలేదు. తొమ్మిదిన్నర ఎండ. మా ఏలూరు ఎండ చెమట పట్టించి వదిలేస్తుంది. ఇక్కడి ఎండలో తడి లేదు, నేరుగా చర్మం మీదికి వస్తుంది. వీపు మీద ఉన్ని గుడ్డ తడిసి అంటుకుపోయింది, మెడ దగ్గర మంట, కళ్లు తిరిగాయి. రోడ్డు పక్కన బండి ఆపి, గుండీలు ఊడతీసి, కోటు లాగి పక్కన పడేశాను. అక్టోబరులో నా పాట్లు ఇవి. అతను ఏప్రిల్లో వేసుకుని, ఓర్చుకోలేక, నాకు ఫోన్ చేశాడు. నేనేమన్నానో అప్పుడు గుర్తొచ్చింది.

నంద్యాలలో టిఫిను బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మరమరాలు నానబెట్టి తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. ప్లేటు నలభై రూపాయలు. బండి నడిపే పెద్దావిడను "ఏవండీ, ఇంకొంచెం పొడి వేయండీ" అన్నాను. ఆవిడ గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆ అండీ ఏందప్పా, అత్తగారింటికి వచ్చినట్టు. అవ్వా అను, పలుకుతా. యాడిది మీది?"

"ఏలూరు అవ్వా. ఇక్కడ ఎండ చాలా గట్టిగా ఉంది."

"ఇది ఎండా?" అని ఆవిడ పక్కనున్నవాళ్లను చూసి నవ్వింది. "సల్లగా ఉందని నేను పొద్దున్నుంచి ఛాయ్ తాగుతాండా."

పక్కనున్నవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆళ్లగడ్డ

సునీత ఇంట్లో ఆమె, ఆమె మామగారు యాకోబు, ఇద్దరే. యాకోబుకు కాస్త శనగ చేను ఉంది. మనిషి మాట తక్కువ. కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, "ప్రయాణం బాగా జరిగిందా నాయనా" అని ఊరుకున్నాడు. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి, పెట్టారు. రొట్టె తుంచడం నాకు చేతకాక ముక్కలు చేస్తుంటే సునీత తుంచి చూపించింది.

నడవలో మేకుకు నా కోటు వేలాడుతోంది. దగ్గరికి వెళ్లి చూశాను. మా ఊళ్లో తోలుకు శత్రువు బూజు. ఇక్కడ ఎండిపోయి భుజాల మీద బీటలు పడింది. ఎదురుగా ఎద మీద, చంకల కింద తెల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"గోడ సున్నం అంటిందేమో అన్నా. తుడవల్లని నాకు అనిపించలే" అంది సునీత, అటు చూడకుండానే.

దొర్నిపాడు దారి

మూడో రోజు పొద్దున ఆమె బడికి వెళ్తుంటే వెనకే నా బండి మీద వెళ్లాను. కోట్లు మార్చి మార్చి వేసుకుని చూడమన్నాను. నల్లరేగడి నేల, రెండు వైపులా మిరప, పత్తి. ట్రాక్టర్లు చేలల్లోంచి ఎక్కేచోట రోడ్డు మీద బురద పెళ్లలు. బండి నడపడంలో ఆమె నాకంటే నయం.

గొర్రె తోలు మొన్ననే వద్దనుకున్నాను కదా, అయినా వేసి చూపించాను. పడితే రోడ్డుకి మొదటి ఒరుపుకే చిరుగుతుందని చెప్పాను. గేదె తోలు వేసుకుని అర మైలు పోయి తీసేసింది. మూడోది మేక తోలు. సన్నగా ఉన్నా తొందరగా చిరగదు. ఎద మీదా వీపు మీదా గాలి ఆడటానికి సన్న బెజ్జాలు పెట్టాను. లోపలి ఉన్ని గుడ్డను జిప్పుతో విడదీయొచ్చు, చలికి తగిలించుకోవచ్చు. వానకు మీద వేసుకునే ప్లాస్టిక్ చొక్కా వేరే. ప్రసన్న పోయాక కుట్టాను దాన్ని.

"ఇది బాగుండాది" అని జిప్పు పైకీ కిందికీ లాగి చూసింది. ఇంకొంత దూరం పోయాక బండి ఆపింది. చూడ్డానికి ఏమీ లేదక్కడ. పక్కన కంకర, ఒక తుమ్మచెట్టు.

"ఈడనే అన్నా" అంది. "కోటు ఇంట్లో ఉండాది. నువ్వు అంత బాగా కుట్టిస్తే యేసుకోకుండా పోయినాడు. పొద్దున నేనే చెప్తి, యేసుకోని పో అని. ఊ అని పోయినాడు. మొండోడు. ఆ మొండితనానికి నన్ను బలి చేసినాడు. ఆస్పత్రిలో పదకొండు దినాలూ ఆయన మూలుగుతాంటే పక్కన కూర్చోని లోపల్లోపల తిట్టుకుంటాంటి. పోయేటప్పుడు కూడా నేను మంచిగా ఒక మాట మాట్లాడలే."

చెప్పాల్సిన చోటు అదే. నోరు తెరిచాను. బడికి ఆలస్యమవుతోందని ఆమె బండి తీసింది. నిజం చెప్పొద్దూ, బతికాననుకున్నాను. అలా అనుకున్నందుకు దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

రాళ్లు చెక్కే వీధి

సమాధి మీద పెట్టే రాయి అయిందో లేదో చూసి రమ్మని యాకోబు పంపితే, మధ్యాహ్నం శిల్పాలు చెక్కే వీధికి వెళ్లాను. ఆళ్లగడ్డ ఈ పనికి పేరు పడ్డ ఊరు. వీధంతా మిషన్ల రొద, తెల్లటి రాతి దుమ్ము. దేవుళ్లు, నంది, నాయకులు, సిలువలు, అన్నీ ఒకే దుమ్ములో నిలబడి ఉంటాయి. మేస్త్రీ పేరు గురవయ్య. షెడ్డులోకి కాలు పెట్టబోయానో లేదో, లోపల్నుంచి కేక వేశాడు.

"ఓయప్పా! ఆడే నిలబడు. తోలుతో లోపలికి రావద్దు. స్వామికి కండ్లు తెరిచినాం."

విగ్రహానికి కళ్లు ఆఖర్న చెక్కుతారట. కళ్లు తెరిచాక గుడివాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా ఆ షెడ్డులోకి తోలు రానివ్వరు. కోటు తీశాను. చెప్పులు విడిచాను. "బెల్టు" అన్నాడు. తీశాను. "పర్సు" అన్నాడు. అదీ పెట్టాను. అన్నీ నేను కుట్టుకున్నవే. ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాను.

నేనెవరో చెప్పగానే గురవయ్య చేతిలో ఉలి కింద పెట్టాడు.

"ఆ కోటు కుట్టింది నువ్వేనా? మొన్న ఎండల్లో ప్రసన్న దాన్ని చంకన పెట్టుకోని ఈడికి వచ్చినాడప్పా. 'మీ కాడ సన్న డ్రిల్లు ఉండాది గదా, దీనికి గాలి బెజ్జాలు కొట్టియ్యి' అన్యాడు. యాడెయాడ కొట్టల్లనో బలపంతో చుక్కలు కూడా పెట్టుకోని వచ్చినాడు. ముందు దినమే అమ్మవారికి కండ్లు తెరిచినాం. తోలు లోపలికి రాకూడదు. డ్రిల్లు బయటికి తెస్తామంటే వైరు సాలలే. మూడు దినాలు ఆగి రా, అమ్మవారిని ఎత్తుకోని పోతారు, అప్పుడు కొట్టిస్తా అంటి. సరే అని పోయినాడు. మూడో దినమే పడినాడు."

"సునీతకు చెప్పారా?"

"ఎట్ల చెప్తా? ఆయమ్మ ముఖం చూస్తే నాకు నోరు రాదు" అని గురవయ్య తల దించుకున్నాడు.

తోలుకు డ్రిల్లు పెడితే అంచులు చీలిపోతాయి. దానికి వేరే పనిముట్టు ఉంది, అది నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. ఆ చుక్కల మీద బెజ్జాలు కొట్టడం నాకు గంట పని. ఆ గంట లేదన్నాను నేను.

కూడిక

శుక్రవారం పొద్దున సమాధి దగ్గర ప్రార్థన చేసి, రాయి నిలబెట్టి, ఇంటి ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. అరవై మంది ఉంటారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అన్నారు. మా వైపు పెద్దకర్మ నాడు పోయినవాడి గురించి మంచే చెబుతాం. చెడు ఉంటే ఇంటికెళ్లి చెప్పుకుంటాం. ఇక్కడ అలా కాదు. సాక్ష్యానికి లేచినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒకాయన ప్రసన్న తనకు చేసిన సాయం చెప్పాడు. ఇంకొకావిడ అతనితో తనకున్న తగువు చెప్పి, ఏడ్చి, కూర్చుంది.

సునీత లేచింది. "ఆయన మంచోడే. నేను కాదనను" అంది. "అయితే కోటు ఇంట్లో పెట్టుకోని, నేను చెప్పినా ఇనకుండా పోయి సచ్చినాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు. ప్రార్థన చేస్తాండా, పోలేదు. దేవుని ముందర అబద్ధం చెప్పలేను."

యాకోబు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు పోయిన బాధ సరే, ఆ కొడుకు మొండితనంతో చచ్చాడన్న మాట ఐదు నెలలుగా ఆయన ఇంట్లో రోజూ వింటున్నాడు.

నేను లేచాను. నాకు ఈ ఆచారం కొత్త, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. నడవలోకి వెళ్లి కోటు తెచ్చి, అందరికీ కనబడేలా పట్టుకున్నాను.

"అతను మొండివాడు కాదమ్మా. ఇది వేసుకోవాలనే చూశాడు. ఎండకు ఓర్చుకోలేక, గాలి ఆడేలా చేసిపెట్టమని ఏప్రిల్లో నాకు ఫోన్ చేశాడు. నేను చేయనన్నాను. మేకుకి తగిలించమన్నాను. ఆ మాట నాది. ఇది సున్నం కాదు. బెజ్జాలు ఎక్కడ పెట్టాలో అతనే పెట్టుకున్న గుర్తులు. అసలు ఈ ఊరికి ఈ కోటు కుట్టడమే తప్పు. ఎండ జాస్తి అని అతను ముందే చెప్పాడు. నేను వినిపించుకోలేదు."

షామియానా చివర్న నిలబడ్డ గురవయ్య ముందుకు వచ్చాడు. "నేను మీ సంఘపోన్ని కాదు" అన్నాడు. "అయినా చెప్తా. ప్రసన్న ఈ కోటు నా కాడికి తెచ్చినాడు. మూడు దినాలు ఆగమంటి." అంతే అని, అక్కడే నేల మీద కూర్చున్నాడు.

యాకోబు లేచి నా చేతిలోంచి కోటు తీసుకున్నాడు. ఒళ్లో పరుచుకుని, ఒక్కొక్క చుక్క మీదా వేలు పెడుతూ పోయాడు. "నా కొడుకు ఒక దినం సాయంకాలం బలపం అడిగినాడు నన్ను" అన్నాడు. "ఎందుకని నేను అడగలే." ఆయన గట్టిగా ఏడుస్తుంటే ఆడవాళ్లంతా ఏడ్చారు. నాకూ ఆగలేదు.

సునీత ఏడవలేదు. లేచి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. భోజనాల దగ్గరికి కూడా రాలేదు. బగారా అన్నం, కోడికూర వడ్డించారు. నా విస్తరి ముందు కూర్చుని మెతుకు ముట్టుకోలేకపోయాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున బండికి సామాను కట్టుకుంటుంటే సునీత బయటికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. అరుగు మీద కూర్చుంది.

"నిన్న సమాధి కాడ కూడా తిట్టుకుంటి అన్నా ఆయనను" అంది. "ఇప్పుడు ఆ మాటలన్నీ ఎనక్కి ఎట్ల తీసుకునేది? యాడికి పోయి చెప్పేది?"

"నన్ను తిట్టమ్మా."

"తిడతా. నిన్న మధ్యానం నుంచి అదే పని. ఇంగా చానా దినాలు తిడతా."

మేక తోలు కోటు విప్పి ఆమె ముందు పెట్టాను. "నీకు నచ్చింది కదా, ఇది ఉంచుకో తల్లీ. డబ్బులు వద్దు" అన్నాను.

ఆమె దాన్ని చేత్తో తడిమి చూసి నా వైపు నెట్టేసింది. "ఇది కూడా ఏలూర్లో కూర్చోని కుట్టిందే గదన్నా. ఈ చలికాలం నేను ఎట్లో పోయొస్తా. మార్చి నెలాఖరుకు ఒంటిపూట బళ్లు పెడతారు. పన్నెండున్నరకు ఇడుస్తారు మమ్మల్ని, నడినెత్తిన ఎండ పెట్టుకోని. ఏప్రిల్లో నువ్వు రా. దొర్నిపాడు నుంచి ఈడి దాకా నేను నడుపుతా, నువ్వు ఎనక కూర్చో. ఆ ఎండలో ఒళ్లు కాలినాక, అప్పుడు నాకు కొల్తలు తీసుకో."

"వస్తానమ్మా" అన్నాను. ఇంకొక మాట అడగాలని నోటిదాకా వచ్చింది. అది ఆమెకు తెలిసిపోయింది.

"మన్నించినావా అని మాత్రం ఇప్పుడు అడగద్దన్నా" అంది. "ఆ కోటు కుట్టి తెచ్చినాక అడుగు."